వారసత్వ పంపకం: వకీలు లేకున్నా సరే, ఆడబిడ్డ లేకుండా కాదు

తండ్రి చనిపోయాక ఆస్తి పిల్లల పేరు మీదికి రావాలంటే కోర్టు మెట్లు ఎక్కవలసిందేనని, వకీలు లేనిదే ఆ పని జరగదని మనలో చాలామంది నమ్ముతారు. ఆ నమ్మకం వల్ల రెండు రకాల నష్టం జరుగుతున్నది. కొందరు అవసరం లేని ఖర్చుకు భయపడి పంపకాన్ని ఏళ్ల తరబడి వాయిదా వేస్తారు. మరికొందరు “కోర్టు ఎందుకు, మనలో మనం చూసుకుందాం” అంటారు. ఆ “మనలో మనం” అనే మాటలో అక్కచెల్లెళ్లు ఉండరు. మొదటిది తెలియక జరిగే పొరపాటు. రెండోది తెలిసి చేసే అన్యాయం.

ముందుగా చట్టం సంగతి. వసీయత్‌ను కోర్టులో రుజువు చేయించి ముద్ర వేయించుకోవడాన్ని ప్రొబేట్ అంటారు. ముస్లిం రాసిన వసీయత్‌కు ప్రొబేట్ తప్పనిసరి అని 1925 నాటి భారత వారసత్వ చట్టం ఏనాడూ అనలేదు. వసీయత్ లేకుండా చనిపోయినా అంతే. ఆస్తి నిర్వహణకు కోర్టు నుంచి అధికారపత్రం తెచ్చుకొమ్మనే నియమం నుంచి ఆ చట్టమే ముస్లింలను మినహాయించింది. షరీఅత్ ప్రకారం మనిషి కన్నుమూసిన క్షణంలోనే అతని ఆస్తిలో వారసుల వాటాలు ఎవరివి వారికి ఏర్పడిపోతాయి. ఏ అధికారీ ఇవ్వనక్కర్లేదు, ఏ అన్నయ్యా దయ తలచనక్కర్లేదు. 1937 నాటి షరీఅత్ వర్తింపు చట్టం మన వారసత్వ వ్యవహారాలకు ఈ ధర్మాన్నే నియమంగా గుర్తించింది. కనుక సాధారణ కుటుంబంలో, తగాదా లేనిచోట, వకీలు లేకుండా పంపకం పూర్తిచేసుకోవడం సాధ్యమే. అయితే వారసులందరూ ఒక చోట కూర్చోవాలి, లెక్క అందరికీ తెలియాలి. ఆ షరతు నెరవేరని ఇంట్లో వకీలు ఫీజు మిగలడం అంటే అన్యాయానికి సాక్షి లేకుండా పోవడమే.

లెక్క అనగానే బెదిరిపోతారు గానీ చాలా ఇళ్లలో అది చేతి వేళ్ల మీద తేలిపోయే లెక్క. ఒక కుటుంబాన్ని అనుకుందాం. బాలాపూర్‌లో 160 గజాల ఇల్లు, బ్యాంకులో 12 లక్షల రూపాయలు వదిలి తండ్రి మరణించాడు. ఆయన తల్లిదండ్రులు అంతకుముందే పోయారు. భార్య, ఇద్దరు కొడుకులు, ముగ్గురు కూతుళ్లు ఉన్నారు. సంతానం ఉన్నప్పుడు భార్యకు ఎనిమిదో వంతు. మిగిలిన ఏడు భాగాల్లో కొడుక్కు రెండు, కూతురికి ఒకటి. అంటే ఎనిమిది భాగాల్లో తల్లికి 1, కొడుకులకు రెండేసి, కూతుళ్లకు ఒక్కొక్కటి. డబ్బులో తల్లికి లక్షన్నర, ఒక్కో కొడుక్కు మూడు లక్షలు, ఒక్కో కూతురికి లక్షన్నర. ఇంటిలో తల్లికి 20 గజాలు, కొడుకులకు 40 చొప్పున, కూతుళ్లకు 20 చొప్పున. మృతుని తల్లి బ్రతికి ఉంటే లెక్క మారుతుంది, ఆమెకు ఆరో వంతు ముందు తీయాలి. నాయనమ్మకు వాటా ఉందన్న సంగతి మనవలకు గుర్తుకు రావడం అరుదు. చిక్కు లెక్కలున్నవారు హైదరాబాద్‌లో జామియా నిజామియా దారుల్ ఇఫ్తా వంటి చోట వారసుల వివరాలు రాసిచ్చి వాటాలు రాయించుకోవచ్చు. ఆ కాగితం లెక్క చెబుతుంది, అంతవరకే. ఫత్వాకు కోర్టు ఉత్తర్వుకు ఉండే బలం లేదని సుప్రీంకోర్టు 2014లో స్పష్టం చేసింది.

పంపకానికి ముందు తీయవలసినవి మూడున్నాయి: కఫన్, దఫన్ ఖర్చు, తర్వాత అప్పులు, ఆ తర్వాత వసీయత్ ఉంటే మూడో వంతు మించకుండా అది. ఇక్కడ రెండు మాటలు గట్టిగా చెప్పక తప్పదు. ఒకటి, భార్యకు చెల్లించని మహర్ కూడా అప్పే. జనాజా లేచే వేళ గుండె పగిలిన స్త్రీ చుట్టూ చేరి “మహర్ మాఫ్ చేశానని చెప్పమ్మా” అని పలికించే ఆచారం మనలో ఉన్నది. ఆ స్థితిలో అనిపించిన మాటను మాఫీ అని ఎలా అనగలం? ఆ మహర్‌ను అప్పుల పట్టికలో మొదటే రాయండి. ఆమె ఎనిమిదో వంతు దానికి అదనం, దానికి బదులు కాదు. రెండు, జియారత్, చహలం భోజనాలు కఫన్ ఖర్చులోకి రావు. పెద్దవాళ్లు తమ వాటాలోంచి తమ ఇష్టంతో పెట్టుకుంటే అది వేరు సంగతి. కానీ చిన్నపిల్లలు వారసులుగా ఉన్న ఇంట్లో, పంచని సొమ్ముతో దేగ్‌లు దించి బిర్యానీ వండిస్తే ఆ విస్తరిలో అనాథల ముద్ద కూడా ఉంటుంది. అనాథల సొమ్ము అన్యాయంగా తినేవారి గురించి సూరె నిసాలో ఎంత భయంకరమైన హెచ్చరిక ఉన్నదో చదివినవారికి తెలుసు.

ఆ సూరాలోని వారసత్వ వాక్యాలు అవతరించిన సందర్భాన్ని హదీసు గ్రంథాలు చెబుతాయి. ఉహద్ యుద్ధంలో అమరులైన హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) భార్య ఇద్దరు ఆడపిల్లలను వెంటబెట్టుకొని దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చారు. పిల్లల బాబాయి ఆస్తి మొత్తం తీసేసుకున్నాడని, చేతిలో ఏమీ లేని ఆడపిల్లలకు పెళ్లిళ్లు ఎలా అవుతాయని మొర పెట్టుకున్నారు. వాక్యాలు అవతరించాక ప్రవక్త (స) ఆ బాబాయిని పిలిపించి కూతుళ్లకు మూడింట రెండు వంతులు, భార్యకు ఎనిమిదో వంతు ఇమ్మని, మిగిలినది నీదని ఆదేశించారు. ఆస్తిని 24 భాగాలు చేస్తే ఆడపిల్లలకు 16, తల్లికి 3, బాబాయికి 5. మొత్తం తనదే అనుకున్న మగమనిషికి చివరికి దక్కింది అదీ. ఆమె వెంట వకీలు లేడు. ఇద్దరు పిల్లలు మాత్రమే ఉన్నారు. ఈ సంఘటనను జుమా ప్రసంగాల్లో వింటాం, కళ్లు చెమర్చుకుంటాం. మరి మన ఇంట్లో అదే పని ఎందుకు ఆగిపోతున్నది?

“పెళ్లికి జహేజ్ ఇచ్చాం కదా, జోడే కీ రకం ఇచ్చాం కదా” అనేది అందరూ చెప్పే జవాబు. షరీఅత్‌లో జహేజ్‌కూ వారసత్వానికీ సంబంధమే లేదు. తండ్రి బ్రతికుండగా ఇచ్చింది ఆయన ఇష్టం. ఆయన పోయాక వచ్చేది కూతురి హక్కు. పైగా కొడుకుల చదువులకు, గల్ఫ్ వీసాలకు తండ్రి పెట్టిన ఖర్చును ఎవరూ వారి వాటాలోంచి తగ్గించరు. ఇంకొందరు ఇంకా తెలివిగా, తండ్రి బ్రతికుండగానే కూతురితో “నాకు వాటా వద్దు” అని రాయించుకుంటారు. తండ్రి జీవించి ఉండగా కూతురికి వాటాయే లేదు. లేని వాటాను ఆమె వదులుకొనేదెక్కడ?

ఇక కాగితాల సంగతికి వద్దాం. మొదటిది మరణ ధ్రువపత్రం. 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే ఖర్చు లేదు. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు దాకా తిరగాలి. ఖబరస్తాన్‌లో ఇచ్చిన చీటీ పారేయకండి, కాపీలు ఐదారు తీసుకోండి. మన ఇళ్లలో పేరే పెద్ద చిక్కు. ఆధార్‌లో మహమ్మద్, బ్యాంకులో మొహమ్మద్, ఇంటి దస్తావేజులో ఎండీ, రేషన్ కార్డులో ఇంటి పేరులా ముద్దుపేరు. కౌంటర్ వెనుక కూర్చున్న గుమస్తాకు ఈ నలుగురూ నలుగురు మనుషులే. కనుక మరణ నమోదు చేయించేటప్పుడే ఆధార్‌లోని అక్షరాలు చూసి రాయించాలి. మిగతా పేర్లు ఆయనవేనని ఒక అఫిడవిట్ చేయించుకోవాలి. అయ్యో, ఇంత చిన్న పనికి వకీలును పట్టుకొని తిరిగేవారు ఎందరో!

రెండోది మీసేవ ద్వారా తహసీల్దారు ఆఫీసు నుంచి వచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం. బాలాపూర్ 2016లో మండలమైంది కనుక ఈ వైపు వారికి ఆ ఆఫీసు దూరమేమీ కాదు. అయితే ఈ కాగితం కుటుంబంలో ఎవరెవరు ఉన్నారో చెబుతుందే తప్ప ఎవరి వాటా ఎంతో చెప్పదు. అందువల్లనే దరఖాస్తులో ఎవరి పేర్లు రాశారన్నది ముఖ్యం. పెళ్లయి వెళ్లిన ఆడపిల్లల పేర్లు “వాళ్లు ఇప్పుడు ఆ ఇంటివాళ్లు కదా” అని వదిలేసే అన్నదమ్ములున్నారు. ఆ ఒక్క గీత తర్వాత వచ్చే ప్రతి కాగితంలోనూ ఆమెను కనబడకుండా చేస్తుంది. సోదరీమణులు ఆ పత్రం నకలు అడిగి చూసుకోవడంలో సిగ్గుపడవలసినదేమీ లేదు.

బ్యాంకు డబ్బు విషయంలో నామినీ అనే మాట దగ్గర పెద్ద అపోహ ఉంది. నామినీగా పెద్దకొడుకు పేరు ఉంటే డబ్బంతా అతనిదే అనుకుంటారు. కాదు. నామినీ డబ్బు తీసుకొని వారసులకు పంచవలసిన మనిషి. బీమా సొమ్ము గురించి 1983లో, బ్యాంకు డిపాజిట్ల గురించి 2010లో సుప్రీంకోర్టు ఈ సంగతే చెప్పింది. షరీఅత్ భాషలో చెప్పాలంటే అది అతని చేతిలో అమానత్. నామినీయే లేకపోతే? 2025 సెప్టెంబర్‌లో రిజర్వ్ బ్యాంకు కొత్త ఆదేశాలిచ్చింది. తగాదా లేని పక్షంలో 15 లక్షల రూపాయల వరకు, సహకార బ్యాంకుల్లో 5 లక్షల వరకు, కోర్టు వారసత్వ సర్టిఫికెట్ అడగకుండానే వారసులకు చెల్లించాలి. కాగితాలన్నీ అందిన 15 రోజుల్లో పని ముగించాలి. 2026 మార్చి 31లోగా బ్యాంకులన్నీ దీన్ని అమలులోకి తేవాలని గడువు పెట్టింది. మనం చెప్పుకున్న ఇంటివారి 12 లక్షలు ఈ పరిమితిలోపే ఉన్నాయి. వకీలు అవసరం ఎక్కడ?

కానీ అక్కడే ఒక కాగితం ఉంటుంది. డబ్బు తీసుకోవడానికి ముందుకు వచ్చిన వారసుడికి ఇవ్వడంలో మాకు అభ్యంతరం లేదని మిగిలిన వారసులు సంతకం చేసే పత్రం. “ఇక్కడొక సంతకం పెట్టు ఆపా, బ్యాంకువాళ్లు అడుగుతున్నారు” అంటాడు తమ్ముడు. ఆమె చదవకుండానే పెడుతుంది. ఇంట్లో ఇద్దత్‌లో ఉన్న తల్లి నాలుగు నెలల పది రోజులు గడప దాటదు, ఆమె వేలిముద్ర కూడా అలాగే పడిపోతుంది. ఆ పత్రం బ్యాంకుకు రక్షణ మాత్రమే. సోదరికి రావలసిన లక్షన్నర ఆ సంతకంతో మాఫీ అయిపోదు, తమ్ముడి బాకీగా మారుతుంది. మా సలహా ఏమిటంటే, సంతకం చేసే రోజే ఒక తెల్ల కాగితం మీద వాటాల లెక్క రాసి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అందరూ సంతకాలు పెట్టి, ఇద్దరు సాక్షులతో తలా ఒక ప్రతి దగ్గర ఉంచుకోండి. అసలు బ్రతికుండగానే జాగ్రత్త పడాలనుకునేవారికి మరో దారి వచ్చింది. 2025 నవంబర్ 1 నుంచి బ్యాంకు డిపాజిట్లకు నలుగురి వరకు నామినీలను, ఎవరికి ఎంత శాతమో రాసి పెట్టవచ్చు.

ఇల్లు, స్థలం కొంచెం కష్టమైన సంగతి. విమానాశ్రయం 2008లో శంషాబాద్‌కు వచ్చాక, ఔటర్ రింగ్ రోడ్డు పడ్డాక ఈ చుట్టుపక్కల గజం ధర ఎలా మారిందో అందరికీ తెలుసు. ధర పెరిగిన కొద్దీ సోదరి వాటా సోదరుడికి బరువుగా కనబడడం మొదలైంది. 20 గజాల్లో ఆమె ఏం కట్టుకుంటుంది అని అడుగుతారు. కట్టుకోనక్కర్లేదు. ఇవాళ్టి ధర కట్టి ఆమె వాటాను అన్నదమ్ములు కొనుక్కోవచ్చు, లేదా కింది భాగం అద్దెలో ఆమె వాటా నెలనెలా ఇవ్వవచ్చు. తండ్రి ఆ స్థలం కొన్ననాటి ధర చూపించి చేతిలో నాలుగు రూపాయలు పెట్టడం మాత్రం మోసమే. నోటిమాట మీద పంచుకున్నా చెల్లుతుంది. అయితే హక్కులు పంచే దస్తావేజు రాసుకుంటే దానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. భాగపంపకం దస్తావేజును దస్తావేజు లేఖరి చేత రాయించి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో వారసులే నమోదు చేయించుకోవచ్చు. కదలలేని ముసలి తల్లి ఉంటే రిజిస్ట్రేషన్ అధికారి ఇంటికి వచ్చే వెసులుబాటు 1908 నాటి చట్టంలోనే ఉంది. మున్సిపల్ ఆఫీసులో ఇంటి పన్ను పేరు మార్పించుకొని అదే పట్టా అనుకునేవారికి ఒక మాట: పన్ను రసీదులో పేరు పడినంత మాత్రాన యాజమాన్యం రాదు. నోటరీ కాగితం మీద కొన్న ప్లాట్లు ఈ వైపు కొత్త కాదు. అక్కడ తండ్రికి ఎంత హక్కు ఉన్నదో పిల్లలకూ అంతే వస్తుంది. అలాంటి చోట పంచుకునే ముందు తెలిసిన మనిషికి ఆ కాగితం చూపించడం మంచిది.

సాగు భూమి ఉన్నవారు 2025లో అమలులోకి వచ్చిన భూభారతి చట్టం కింద తహసీల్దారుకు దరఖాస్తు చేసుకోవాలి. వారసులకు నోటీసులిచ్చి విచారించాకే పేర్లు ఎక్కిస్తారు. తెలంగాణ పల్లెల్లో హిందువులైనా ముస్లింలైనా ఈ పనిని విరాసత్ అనే అంటారు. పహాణీ, దస్తావేజు, ఫౌతీ లాగే అదీ మన ఇళ్లలోని మాటే. మాట మనది, దానిలోని న్యాయం మాత్రం మన ఇంట్లోనే కరువైంది.

తండ్రి బ్రతికుండగా హిబా చేశాడంటూ తర్వాత బయటపడే కాగితాల గురించి కూడా చెప్పాలి. హిబాకు ఇస్తున్నానని చెప్పడం, పుచ్చుకోవడం, స్వాధీనం అప్పగించడం మూడూ జరగాలి. అవి జరిగితే, రాసుకున్న కాగితం రిజిస్టర్ కాకపోయినా హిబా చెల్లుతుందని ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2011లో తీర్పు చెప్పింది. ఆ హిబా జరిగింది 1968లో! ఒక తండ్రి ఒక కొడుక్కు ఇచ్చిన దాని మీద ఆ తోబుట్టువుల కుటుంబాలు ఏళ్ల తరబడి నడిచాయి. సొమ్ము పెద్దదైతే వకీళ్లూ పెద్దవాళ్లే వస్తారు తప్ప తగాదా తొందరగా తెగదు. 1948లో హైదరాబాద్ నిజాం ఖజానా నుంచి లండన్ బ్యాంకుకు వెళ్లిన పది లక్షల చిల్లర పౌండ్లు 2019లో తీర్పు వచ్చేనాటికి మూడున్నర కోట్ల పౌండ్లయ్యాయి. ఏడవ నిజాం 1967లోనే కన్నుమూశారు.

అన్నింటికీ వకీలు వద్దని మేము అనడం లేదు. వారసుల్లో మైనర్లు ఉంటే జాగ్రత్త. మన ధర్మశాస్త్రంలో పిల్లల ఆస్తికి సహజ సంరక్షకుడు తండ్రి, ఆయన తర్వాత తాత. తల్లికి గానీ, పెదనాన్నకు గానీ, అన్నకు గానీ మైనర్ల ఇల్లు అమ్మే అధికారం లేదు. జిల్లా కోర్టు అనుమతి లేకుండా అమ్మితే ఆ అమ్మకం చెల్లదు, కొన్నవాడు కూడా మునుగుతాడు. బ్యాంకులో సొమ్ము పరిమితి దాటినా, వారసుల మధ్య మాట కుదరకపోయినా వారసత్వ సర్టిఫికెట్‌కు కోర్టుకు వెళ్లాలి. గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబాలు గుర్తుంచుకోవలసింది ఇంకొకటి: ఆయన తమ్ముడి పేర రాసిచ్చిన పవర్ ఆఫ్ అటార్నీ ఆయనతోనే చచ్చిపోయింది. మరణం తర్వాత దానితో చేసిన సంతకాలకు విలువ లేదు.

తండ్రి కంటే ముందే చనిపోయిన కొడుకు పిల్లల సంగతి వేరు. బాబాయి బ్రతికి ఉంటే వారికి తాత ఆస్తిలో వాటా రాదు. ఈ పిల్లల కోసమే వసీయత్ అనే తలుపు తెరిచి ఉన్నది. తాత తన ఆస్తిలో మూడో వంతు వరకు వారికి రాయవచ్చు. స్టాంపు కాగితం, రిజిస్ట్రేషన్, వకీలు ఏవీ తప్పనిసరి కాదు. సాక్షుల ముందు తెల్ల కాగితం మీద రాసినా చాలు. వారసులకు మాత్రం వసీయత్ రాయడానికి లేదు, తక్కిన వారసులు ఆయన మరణం తర్వాత ఒప్పుకుంటే తప్ప. ఆ అనాథ మనవలను దగ్గర కూర్చోబెట్టుకొని అన్నం తినిపించే తాతలు ఎందరో ఉన్నారు, కాగితం మీద నాలుగు గీతలు రాసినవారు మాత్రం తక్కువ.

ఇప్పటికే ఆలస్యమైపోయిన ఇళ్లున్నాయి. తండ్రి పోయి పదిహేనేళ్లు, అన్నదమ్ములు ఇంట్లోనే ఉంటున్నారు, చెల్లెలు అడగలేదు. ఆమె హక్కు పోయిందా? ఉమ్మడి ఆస్తిలో ఒక వారసుడి నివాసం అందరి తరఫున ఉన్నట్లే లెక్క. నీకు వాటా లేదని ఆమెకు తెలిసేలా బాహాటంగా నిరాకరించి పన్నెండేళ్లు గడిస్తేనే ఆ వాదం లేస్తుంది. అంటే “నీకేం లేదు పో” అని అన్నయ్య అన్న రోజు నుంచి ఆమెకు గడియారం నడుస్తున్నట్లే. ఈ లోపల ఆమె మరణిస్తే ఆ ఒక్క భాగం మళ్లీ ఆమె భర్తకు, పిల్లలకు చీలుతుంది. ఎనిమిది భాగాల లెక్క అరవైకో డెబ్బైకో పోతుంది.

అడగాలనుకునే స్త్రీకి డబ్బు అడ్డం కాకూడదు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీకి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం హక్కుగా ఉంది. వకీలును వారే ఇస్తారు. బాలాపూర్ వారికి జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఎల్.బి. నగర్‌లోని రంగారెడ్డి జిల్లా కోర్టు ప్రాంగణంలో ఉంటుంది. దావా వేయకముందే లోక్ అదాలత్‌లో అన్నదమ్ములను పిలిపించి రాజీ కుదుర్చుకునే వీలు కూడా అక్కడే ఉంది. ఆ రాజీకి కోర్టు డిక్రీతో సమానమైన బలం ఉంటుంది, దాని మీద అప్పీలు లేదు. వెళ్లేటప్పుడు మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, దస్తావేజు నకలు, ఇంటి పన్ను రసీదు వెంట తీసుకువెళ్లాలి. దస్తావేజు అన్నయ్య బీరువాలో ఉంటే దాని నకలు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఫీజు కట్టి ఎవరైనా తీసుకోవచ్చు, అన్నయ్యను అడగనక్కర్లేదు.